అమ్మే ముందు ఏది బాగుచేయించాలి, ఏది వదిలేయాలి: ఒక పాత ఇంటి పనుల డైరీ

చిట్టా

అమ్మానాన్నల ఇల్లు అమ్మేయాలని అక్కా నేనూ తేల్చుకున్నాం. ధర గురించి పెద్దగా గొడవ లేదు. గొడవంతా అమ్మే ముందు ఏం బాగుచేయించాలన్న దగ్గరే. "ఒక్క మేకు కూడా కొట్టించొద్దురా. కొన్నవాళ్ళు ఎలాగూ వాళ్ళకి నచ్చినట్టు మార్చుకుంటారు. మనం పెట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే" అని అక్క. వంటగదీ స్నానాల గదీ కొత్తగా చేయించి, ఇల్లంతా రంగులేయిస్తే ధర పెరుగుతుందని బావ. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎవరికీ అప్పుడే జవాబు చెప్పకుండా ఒక పుస్తకం, టార్చిలైటు, చిన్న సుత్తి పట్టుకుని ఇంట్లోకి వెళ్ళాను.

సొంత ఇంటిని కొత్తవాళ్ళ కళ్ళతో చూడటం కష్టం. ఏళ్ళ తరబడి ఉన్న మరక కంటికి ఆనదు. అందుకే గేటు దగ్గర మొదలుపెట్టి, చూడటానికి వచ్చేవాళ్ళు ఏ దారిన నడుస్తారో ఆ దారినే నడిచాను. ప్రతి గదిలోనూ ఒకే వరస: పైకప్పు, గోడలు, నేల, తలుపులు, కిటికీలు, కుళాయిలు, స్విచ్చులు. తేడాగా ఏది కనబడినా రాసేశాను. చెక్క గుమ్మాలన్నిటినీ సుత్తితో మెల్లగా తట్టి చూశాను, ఎక్కడైనా డొల్లగా మోగితే చెద తిన్నట్టు. ఒక్క స్టోర్‌రూమ్ గుమ్మం కింది భాగం మోగింది, పక్కన గోడ మీద సన్నటి మట్టి గొట్టం కూడా ఉంది. దాన్ని చిట్టాలో అన్నిటికంటే పైన రాశాను.

తర్వాత ఒక్కో పనికీ మూడు ప్రశ్నలు వేసుకున్నాను. దీనికి నిజంగా ఎంత ఖర్చవుతుంది? ఇది చూసినవాళ్ళు ఎంత అవుతుందని అనుకుంటారు? ఆరు నెలలు ఇలాగే వదిలేస్తే పెరుగుతుందా, ఇంతే ఉంటుందా?

ఈ పనులన్నిటినీ నడిపింది రెండో ప్రశ్నే. హాలు పైకప్పు మీద పసుపురంగు మరక మనకి మరకే. కొనేవాళ్ళకి మాత్రం దాని వెనక డాబా మొత్తం తవ్విపోసినంత ఖర్చు కనిపిస్తుంది. పైగా "కనబడేదే ఇలా ఉంటే కనబడనివి ఎన్ని ఉన్నాయో" అన్న అనుమానం వేరే. ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి చెప్పింది ఇదే: లోపం ఎక్కడుందో అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు మంచి బండికి కూడా తగ్గించే అడుగుతాడు. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది కూడా ఇలాంటి సమాచార తేడాల మీద చేసిన పనికే. ఇల్లు అమ్మేటప్పుడు మనం నిజానికి ఖర్చుపెట్టేది ఆ అనుమానం తగ్గించడానికి. భయం పెద్దదై, అసలు ఖర్చు చిన్నదైతే ఆ పని వెంటనే చేయించాలి. రెండూ సమానమైతే వదిలేసి, బేరంలో తగ్గించొచ్చు. ఈ లెక్క అక్కకి నచ్చింది. బావకి సగమే నచ్చింది.

డాబా

హాలు మరకతోనే మొదలుపెట్టాం. పైకప్పు మరక ఉన్నచోట నేరుగా పైనే కారుతోందని అనుకోవడానికి లేదు. నీళ్ళు స్లాబులో దారి వెతుక్కుంటూ ఎక్కడో దిగి, ఇంకెక్కడో కనబడతాయి. ముందు డాబా మీద నీళ్ళు పోయే గొట్టం నోరు చూస్తే ఎండుటాకులతో సగం పూడిపోయి ఉంది. శుభ్రం చేయించి, ఆ నోటికి గుడ్డ కుక్కి, డాబాని భాగాలుగా విడదీసి కొద్దిపాటి ఎత్తున నీళ్ళు నిలబెట్టాం. ఒక్కో భాగానికి కనీసం ఒక పగలూ రాత్రీ వదలాలి. తొందరపడి రెండు గంటల్లో చూసేస్తే ఏమీ తేలదు.

మధ్య భాగంలో నీళ్ళు నిలబెట్టినప్పుడు కింద చుక్క పడలేదు. పిట్టగోడ పక్కన నిలబెట్టినప్పుడు మరక అంచు నల్లబడింది. స్లాబూ పిట్టగోడా కలిసే మూలలో వెంట్రుకలాంటి బీట ఉంది. చాలా డాబాలు కారేది సరిగ్గా అక్కడే. ఎండకి స్లాబు ఒకలా, గోడ ఒకలా సాగుతాయి, ఆ అతుకు విడిపోతుంది.

మేస్త్రి మాత్రం డాబా మొత్తానికి కొత్త వాటర్‌ప్రూఫింగ్ వేయిద్దామన్నాడు.

"మొత్తం వేయించేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు సార్."

"పదేళ్ళు ఈ ఇంట్లో మేం ఉండం కదా మేస్త్రీ. కారే చోటు దొరికింది, అక్కడ గట్టిగా చెయ్యి. మిగతాది కారడం లేదని నువ్వూ చూశావుగా."

అతను నవ్వి ఒప్పుకున్నాడు. బీట వెంట గాడి తీసి, దుమ్ము ఊడ్చి, పాలిమర్ కలిపిన సిమెంటు నింపాడు. మూల లంబంగా లేకుండా వంపు తిరిగేలా మెత్తి, గోడ మీదకి కొంత ఎత్తు వరకు పూత వేశాడు. ఆరాక మళ్ళీ నీళ్ళు నిలబెట్టి చూశాం. నీళ్ళు నిలిచిపోయే ఒక పల్లం కూడా ఉంది. నీళ్ళు బయటికి పోవాలంటే డాబాకి కనీసం 100కి 1 వంతున వాలు ఉండాలి. ఆ ఒక్కచోట మాత్రం వాలు సరిచేయించాం.

కింద మరక మీద వెంటనే రంగేయొద్దని గట్టిగా చెప్పాను. స్లాబులో పట్టిన తడి ఆరడానికి వారాలు పడుతుంది. ఆరిందని తేలాక, మరక పైకి తేలకుండా ఆపే ప్రైమర్ వేసి, అప్పుడు రంగు.

సన్‌షేడ్

ముందు కిటికీ మీది సన్‌షేడ్ కింద పెచ్చు ఊడి కమ్మీ బయటపడి ఉంది. చూడటానికి అరచేతి అంత. చిట్టాలో "తప్పనిసరి" అని రాసిన వాటిలో ఇదొకటి, ఎందుకంటే ఇది పెరిగే జబ్బు. ఇనుము తుప్పు పడితే దాని ఘనపరిమాణం రెండు నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న కాంక్రీటు పగులుతుంది, పగుల్లోంచి నీరూ గాలీ చేరి మరింత తుప్పు పడుతుంది. పైగా పెచ్చు ఎవరి నెత్తిన పడినా ప్రమాదమే.

పైపైన సిమెంటు పూస్తే కొన్ని నెలలకి మళ్ళీ ఊడుతుంది. సుత్తితో తడుతూ డొల్లగా మోగినంత మేరా రాల్చేశారు. మొదట అరచేతి అంత అనుకున్నది చివరికి సన్‌షేడ్‌లో మూడో వంతు దాకా వచ్చింది. కమ్మీ వెనక వైపు కూడా తుప్పు గీకి, తుప్పు నిరోధక పూత వేసి, రిపేర్ మోర్టార్‌తో నింపారు. నింపే ముందు కమ్మీలన్నిటికీ ఫోటోలు తీసి పెట్టాను. మూసేశాక లోపల ఏం చేశామో ఎవరికీ కనబడదు. ఆ ఫోటోలు లేకపోతే చేయించిన పనికీ పైపూతకీ తేడా ఎలా చూపిస్తాం?

కింది గోడల చెమ్మ

పడమటి గది గోడ నేల నుంచి మోకాలెత్తు వరకు పొక్కులుపొక్కులుగా ఉంది, పైన తెల్లటి ఉప్పు. "లప్పం పెట్టి రంగేస్తే ఫోటోల్లో నీట్‌గా ఉంటుంది" అని బావ. ఫోటోల్లో నిజంగానే ఉంటుంది. కానీ లోపల తడి ఉండగా లప్పం పెడితే కొద్ది రోజులకే ఉబ్బుతుంది. అదీ ఇల్లు చూడటానికి జనం వస్తున్న రోజుల్లోనే ఉబ్బితే, దాచడానికి చూశామని తెలిసిపోతుంది. మరక ఉన్న గోడ కంటే, మరక దాచిన గోడ ఎక్కువ నష్టం చేస్తుంది.

తడి ఎక్కడిదో ముందు తెలియాలి. గోడకి ప్లాస్టిక్ కాగితం ముక్క ఒకటి నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి, రెండు రోజులు వదిలేశాం. గది వైపు తడి పడితే గాలిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతున్నట్టు, దానికి గాలి ఆడనిస్తే చాలు. గోడ వైపు పడితే లోపలి నుంచి వస్తున్నట్టు. ఇక్కడ గోడ వైపే పడింది.

నేలలోని తడి ఇటుకల సన్నటి రంధ్రాల్లోంచి పైకి పాకితే అది మామూలుగా మీటరు ఎత్తు దాటదు. మా గోడ వాటం అలాగే ఉంది. కానీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగితే కారణం మరీ తేలిగ్గా దొరికింది. అమ్మ పెంచిన పూలపాదు మట్టి ఏళ్ళుగా పెరిగి పెరిగి, పునాది పైన ఉండే తేమ నిరోధక పొరను దాటి గోడకి ఆనుకుంది. పక్కనే తోటకి నీళ్ళు పెట్టే కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. మొక్కలు అక్క తీసుకెళ్ళింది. మట్టి తీయించి, గోడ వెంట నేల బయటికి వాలేలా చేయించి, కుళాయి వాషర్ మార్పించాం. మొత్తం పనుల్లో ఇదే అతి చవక. గోడకి రసాయనాల ఇంజెక్షన్లు కొట్టాలని ఒక కాంట్రాక్టరు చెప్పిన అంచనా పక్కన పెడితే దీని ఖర్చు లెక్కలోకే రాదు.

గోడ ఆరడానికి మాత్రం తొందర లేదు. పాడైన ప్లాస్టర్ గీకించి వదిలేశాం. ఉప్పుని తడి గుడ్డతో తుడిస్తే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది, పొడి బ్రష్‌తోనే దులపాలి. కొత్త ప్లాస్టర్ చేయించాక కూడా నాలుగు వారాలు ఆగితే మంచిది. పచ్చి సిమెంటులోని క్షారం రంగుని తినేస్తుంది. ఈ ఒక్క గోడ వల్లే అమ్మకం వెనక్కి జరిపాం. అక్క విసుక్కుంది, ఆమె విసుగులోనూ న్యాయముంది. ఖాళీ ఇల్లు ప్రతి నెలా ఏదో ఒక ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది. ఆ నెలల ఖర్చు కూడా మరమ్మతు ఖర్చులోనే రాసుకోవాలి.

బీటలు

అందరికీ టెన్షన్ పెట్టే అంశం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బ్రిటన్‌లో బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ గోడ బీటలకి ఒక వర్గీకరణ పెట్టింది. 1 మిల్లీమీటరు లోపువి రంగు వేసేటప్పుడు పూడ్చుకునే రకం. 5 మిల్లీమీటర్ల లోపువి నింపి, రంగు వేస్తే సరిపోయేవి. ఆ పైన 15 దాకా అయితే గోడ కొంత విప్పి కట్టాల్సి రావచ్చు, తలుపులూ కిటికీలూ బిగుసుకుంటాయి. వెడల్పు ఒక్కటే చూసి వదిలేయకూడదు, పెరుగుతోందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న.

ఇంట్లో గదుల బీటలు చాలావరకు ప్లాస్టర్ ఎండినప్పుడు పడ్డవే, సన్నటి వలలా ఉన్నాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయినవి రెండు. వాటి చివర్ల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ, వెడల్పు రాశాను. పనులు నడిచినన్నాళ్ళూ గీత దాటలేదు.

వెనక గోడది వేరు. ఇటుక అతుకుల వెంట మెట్లుమెట్లుగా దిగింది, వెడల్పు 3 మిల్లీమీటర్ల దాకా ఉంది. పూడ్చేస్తే అయిపోతుందని మేస్త్రి అన్నాడు. అతను చెప్పింది నిజమే అయినా, రేపు కొనేవాళ్ళు మేస్త్రి మాట ఎందుకు నమ్మాలి? స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించాం. ఆయన చుట్టూ తిరిగి, అంచులు చూశాడు. బీట లోపల పాత రంగు చేరి ఉంది, అంటే ఎప్పుడో పాతకాలంలో పడి ఆగిందని అర్థం. తలుపులు బాగానే మూసుకుంటున్నాయి. నేల సమంగా ఉంది. పునాది ఒకప్పుడు కొంచెం దిగి కుదురుకుందని, పూడిస్తే చాలని, ఏడాదికోసారి చూసుకోమని రాసి సంతకం చేసి ఇచ్చాడు.

చిట్టాలో భయానికీ ఖర్చుకీ మధ్య అతి పెద్ద దూరం ఉన్నది ఈ బీటకే. ఆ దూరాన్ని పూడ్చింది సిమెంటు కాదు, రెండు పేజీల కాగితం. ఒక్కోసారి చేయించాల్సిన పని మరమ్మతు కూడా కాకపోవచ్చు.

నీళ్ళూ కరెంటూ

ఇవి త్వరగా తేలాయి. కుళాయిలన్నీ కట్టేసి నీళ్ళ మీటరు అంకె రాసుకుని, రెండు గంటల తర్వాత చూస్తే కొద్దిగా కదిలింది. టాయిలెట్ ట్యాంకులో రంగు చుక్కలు వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాం. రంగు కింది గిన్నెలోకి వచ్చింది. లోపలి రబ్బరు మూత అరిగింది. మార్పించాక మీటరు కదల్లేదు. గోడల్లోని పైపులు తవ్వాల్సిన పని తప్పింది.

కరెంటుకి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో పూర్తి పరీక్ష చేయించాం. ఎర్తింగ్ ఒక గదికి సరిగా అందడం లేదు. లీకేజీని పట్టే బ్రేకర్ అసలే లేదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఈ పరికరం షాక్ నుంచి ప్రాణం కాపాడుతుంది. ఇది అమ్మకం లెక్కతో సంబంధం లేకుండా చేయించాల్సిందే. రేపు ఆ ఇంట్లో ఎవరో పిల్లలు తిరుగుతారు. వైరింగ్ మొత్తం మార్చే పని మాత్రం పెట్టుకోలేదు, ఇన్సులేషన్ పరీక్షలో పాస్ అయింది.

చెదకి మందు కొట్టించి, ఆ గుమ్మం మార్పించి, రసీదు ఫైల్లో పెట్టాం.

వంటగది, స్నానాల గది

బావతో ఎక్కువసేపు మాట్లాడింది ఇక్కడే. ఆయన వాదన తేలిక: జనం ముందు చూసేది ఈ రెండే. అది నిజమే. కానీ వంటగది విషయంలో ఎవరి ఇష్టం వాళ్ళది. మనం పెట్టించిన రాయీ అరల రంగూ నచ్చకపోతే, కొత్తవి కదా అని వాళ్ళకి తీసేయబుద్ధి కాదు, అలాగని వాడాలనీ ఉండదు. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రావడం అరుదు. పాతబడిన వంటగదికి ఎంత అవుతుందో కొనేవాళ్ళకి దాదాపుగా తెలుసు కూడా. అక్కడ భయం లేదు, లెక్క మాత్రమే ఉంది.

కాబట్టి వంటగదిలో వదులైన కబ్జాలు బిగించి, ఊడిన పిడులు పెట్టించి, సింకు కింద కారుతున్న కీలు మార్పించి వదిలేశాం. స్నానాల గదిలో టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ నల్లబడితే గీకి కొత్తది నింపించాం, మూలల్లో కొత్త సిలికాన్. పాత టైల్స్ పాతవిగానే ఉన్నాయి. అయితే కొత్త టైల్స్, కొత్త పైపులతో ఆ గది మొత్తం చేయిస్తే ఎంతో ఒక కొటేషన్ రాయించి ఉంచాను. ఎవరైనా అడిగితే ఊహ మీద కాకుండా అంకె మీద మాట్లాడొచ్చు.

ఈ కొటేషన్ చూశాక బావ కొంత మెత్తబడ్డాడు. "సరే, కనీసం హాలుకి మంచి లైట్లయినా పెట్టిద్దాం" అన్నాడు. ఆయన మాట పట్టుకుని బల్బులన్నీ మార్చాం. ఒక గదిలో 6500 కెల్విన్ల తెల్ల వెలుగు, పక్క గదిలో 2700 కెల్విన్ల పసుపు వెలుగు ఉండేది. అంతటా ఒకే రకం పెట్టేసరికి, కిటికీ అద్దాలు కడిగించేసరికి హాలు వెడల్పయినట్టే అనిపించింది. ఇంత తక్కువ ఖర్చుకి ఇంత తేడా ఇంకే పనిలోనూ కనబడలేదు, ఆ మెప్పు బావదే.

రంగు

అన్నిటికంటే చివర. పైనుంచి కిందికి, తడి పనుల నుంచి పొడి పనులకి, దుమ్ము లేచేవి అన్నీ అయ్యాక రంగు. ఈ వరస తప్పితే ఒకే గోడకి రెండుసార్లు కూలీ ఇవ్వాలి.

పాత ఇల్లు కాబట్టి ఒక జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు. ఆ దుమ్ము ముఖ్యంగా పిల్లలకి విషం. కిటికీ చెక్కల మీది పాత పొరల్ని పొడిగా గీకనివ్వలేదు, తడిపి రుద్దించాం, గుడ్డలు కప్పి, రాలినదంతా సంచిలో కట్టించాం.

ఇల్లంతా వేయించలేదు. మరమ్మతులు జరిగిన గదులు, హాలు, ముందు గోడ, గేటు, అంతే. లేత రంగు ఒకటే ఎంచుకున్నాం. పడక గదుల గోడలు కడిగితే సరిపోయాయి. మరమ్మతు చేసిన ముక్క మీద మాత్రమే రంగేస్తే అది అతికినట్టు కనబడి అనుమానం పెంచుతుంది, అందుకని ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడ మొత్తం వేయించాలి.

ఫైలు

అమ్మేవాళ్ళు ఏ లోపాలు చెప్పాలన్న చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మేం మాత్రం తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాశాం: బాగుచేసినవి, వదిలేసినవి, వదిలేసినవి ఎందుకు వదిలేశామో. దానికి ఫోటోలు, రసీదులు, ఇంజనీర్ కాగితం, కరెంటు పరీక్ష నివేదిక, స్నానాల గది కొటేషన్ జతచేశాం. "మన తప్పులు మనమే చెప్పుకోవడమేంటి?" అని అక్క మొదట సందేహించింది. "కొనేవాళ్ళు కూడా ఒక ఇంజనీర్‌ని తెచ్చుకుంటే ఎలాగూ బయటపడతాయి అక్కా, ముందే చెబితే ధర మన చేతిలో ఉంటుంది" అన్నాను. కాసేపు ఆలోచించి, వదిలేసిన వాటి జాబితా తనే శుభ్రంగా తిరగరాసి ఇచ్చింది.

చూడటానికి వచ్చినవాళ్ళు

మొదట వచ్చిన జంట పైపైన తిరిగి వెళ్ళిపోయారు, వాళ్ళకి గదులు చిన్నవిగా అనిపించాయట. దానికి ఏ మరమ్మతూ లేదు.

రెండో కుటుంబం వెంట ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన నేరుగా వెనక్కి వెళ్ళి ఆ మెట్ల బీట దగ్గరే ఆగాడు. పూడ్చిన గుర్తు తెలుస్తోంది. ఇంజనీర్ కాగితం చేతికిచ్చాను. నిలబడే మొత్తం చదివాడు. తర్వాత డాబా ఎక్కి పిట్టగోడ మూల చూశాడు, సన్‌షేడ్ ఫోటోలు రెండుసార్లు తిరగేశాడు. బేరానికి కూర్చున్నాక డాబా మాటా బీట మాటా రాలేదు. స్నానాల గది పాతగా ఉందని, అందుకు తగ్గించమని అడిగాడు. కొటేషన్ ముందు పెట్టాను. అందులో సగం తగ్గించడానికి అక్క ఒప్పుకుంది, ఆయన ఇంకొంచెం అడుగుతున్నాడు.

ఇంకా మిగిలినవి: స్టోర్‌రూమ్ కొత్త గుమ్మానికి వార్నిష్, గేటు గడియ, చెదమందు రెండో విడత. ఆయన ఎప్పుడు జవాబు చెప్పినా ఈ మూడూ అయిపోవాలి.